ఠండాలో యాభై

యాభై ఏడు, కాదు, మళ్లీ చూడు, యాభై ఏడే, తెల్లవారుజామున బిలాస్‌పూర్ మోప్కాలో మా ఇంటి ముందు ఇదే టైరుకి ఇదే గాలి మీటరు పెట్టినప్పుడు ముల్లు యాభై దగ్గర బుద్ధిగా నిలబడింది, టైరు పక్కన అచ్చుపోసిన ఇంగ్లీషు అక్షరాల్లో కూడా హద్దు యాభై అనే ఉంది, ఇప్పుడు ఆ హద్దు దాటి ఏడు గీతలు పైకి పోయింది, ఆలస్యంగా బయల్దేరి ఇంకా ఊరి పొలిమేర కూడా దాటలేదు మేము, రైలు గేటు పడింది, పడితే పడిందిలే ఈలోగా టైర్లు ఒకసారి చూద్దామని దిగాను, దిగకపోయినా బాగుండేది. మే నెల ఎండ తారులోకి దిగి మళ్లీ అక్కణ్ణించి పైకి లేచి నా మొహానికి కొడుతోంది. ముందూ వెనకా ఆటోలు, ఇటుకల ట్రాక్టరు, స్కూటర్ల మీద మొహాలకి తువ్వాళ్లు చుట్టుకున్న మనుషులు. నేను చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను. గుండె గట్టిగా కొట్టుకుంటోంది, అది భయమా సంతోషమా అని విడదీద్దామంటే విడిపోవడం లేదు, పొద్దున్నుంచీ ఇంతే, బొలెరో వెనక తగిలించిన నా గది మొదటిసారి కదిలినప్పటినుంచీ, అద్దంలో అది నా వెంట రావడం చూసినప్పటినుంచీ, నేను మలుపు తిరిగితే తానూ తిరుగుతోంది, నేను ఆగితే ఆగుతోంది, ఇన్నేళ్ల డ్యూటీలో ఎప్పుడూ ఎవరో లాగితే వెనక వెళ్లినదాన్ని, ఇవాళ లాగుతున్నది నేను.

గూడ్స్ బండి చివర తగిలించే బ్రేక్‌వ్యానులో నా ఉద్యోగం. మమ్మల్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్లంటున్నారు గాని రైల్వే కాలనీలో అందరికీ నేను గార్డు నీలవేణినే. ఫ్యాను ఉండదు, మనిషి ఉండరు, ఇనప డబ్బా, ఒక బెంచీ, గాలి ఒత్తిడి చూపించే మీటరు, రెండు పక్కలా పారిపోయే అడవి. ఆ డబ్బాని తిట్టుకోని గార్డు లేడు. నాకు మాత్రం అది ఇష్టమని ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని కాదు, చెబితే ఆ ఇష్టం ఎందుకో కొంచెం తగ్గుతుందని. కదిలే గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నా ఆలోచనలు నా వెనకే వరసగా వస్తాయి, ఒకదాన్నొకటి తోసుకోవు. అలాంటి గదే ఒకటి నాకంటూ కావాలనిపించి, వ్యాపార్ విహార్‌లో లారీలకి తొట్లు కట్టే రాంప్రసాద్ దగ్గరికి వెళ్లాను. రెండు చక్రాల మీద ఒక గది, ఒక మంచం, మడిచే బల్ల, స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, ఇటో కిటికీ అటో కిటికీ. ఏం అమ్ముతారు దీదీ అని అడిగాడు రాంప్రసాద్. ఏమీ అమ్మను, పడుకుంటాను అంటే నమ్మలేదు, కట్టడం పూర్తయ్యేదాకా నమ్మలేదు. డిపోలో అయితే, డ్యూటీలో డబ్బా చాల్లేదటమ్మా, ఇంటికి కూడా ఒకటి కట్టించుకుంది అన్నారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఇవాళ్టి ప్రయాణం కొండ మీదున్న అమర్‌కంటక్‌కి. ఇక్కడ మంచం ముట్టుకుంటే కాలుతుంటే అక్కడ రాత్రికి దుప్పటి కావాలంటారు. దారిలో అడవి, అడవి తరవాత కేందా ఘాట్, మెలికల రోడ్డు, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. నాతో అచ్చియమ్మ పిన్ని వస్తోంది, నన్ను పెంచిన పిన్ని, చిన్నాన్న పోయాక బిలాస్‌పూర్ నుంచి విజయనగరం, విజయనగరం నుంచి బిలాస్‌పూర్ తప్ప ఇంకో టిక్కెట్టు ఎరగని మనిషి. ఎన్నాళ్లనుంచో అడుగుతుంటే ఈ వేసవికి సరే అంది, ఒక షరతు పెట్టి మరీ సరే అంది. దారిలో ఎక్కడ ఏ తేడా వచ్చినా అక్కణ్ణించే వెనక్కి, ఇంకెప్పుడూ తనని పిలవకూడదు, ఆ డబ్బాని ఏ చౌమీన్ అమ్ముకునేవాడికో ఇచ్చెయ్యాలి. నేను ఒప్పుకున్నాను. ఏ తేడా రాదనుకున్నాను. గేటు దగ్గరే ఏడు గీతల తేడా వచ్చి కూర్చుంది.

“ఏటే అంతసేపు కూకున్నావు? ఏటయింది?” కిటికీలోంచి తల బయటపెట్టింది పిన్ని.

“ఏం కాలేదు పిన్నీ. టైరు చూస్తున్నా.”

“సూస్తే సూడు, మొకం అలాగెట్టకు. నీ మొకం సూస్తే టైరు సచ్చిపోయినట్టుంది.”

పక్కన మోటారుసైకిలు మీదున్నవాడు నా గదిని పైనుంచి కిందికి చూసి, తువ్వాలు కిందికి లాగి, “దీదీ, మోమో ప్లేట్ కిత్‌నే కా?” అన్నాడు.

“ఏటంటన్నాడే ఆడు?”

“మోమోలు ప్లేటెంత అని అడుగుతున్నాడు.”

“రెండు సెప్పులని సెప్పు. డబ్బులొద్దు, మనమే ఇత్తామని సెప్పు.”

వాడికి తెలుగు రాదు గాని పిన్ని మొహం చదవడం వచ్చు, చేతులు జోడించి నవ్వేశాడు, నేనూ నవ్వాను, నవ్వు పొట్టలోంచి వచ్చి గొంతు దగ్గర ఆగకుండా బయటికే వచ్చేసింది. ఎంత తేలిగ్గా ఉంది ఇవాళ నవ్వడం. ఆ తేలికని గమనించగానే మళ్లీ చక్రం వైపు చూశాను, ఏదో ఒకటి తప్పకుండా చెడిపోయి ఉండాలి అన్నట్టు.

చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగాన్ని టైరుకి ఆనించాను. వేడి. ఇలా చెయ్యి తిప్పి ముట్టుకోవడం చిన్నాన్న అలవాటు. తిరుమలరావు చిన్నాన్న రైల్వే యార్డులో ఫిట్టరు, బండి వచ్చి ఆగితే వేగన్ వెంట నడుస్తూ ఇరుసు పెట్టెలన్నిటినీ వరసగా వేళ్ల వెనక భాగంతో ముట్టుకుంటూ పోయేవాడు, జ్వరమొచ్చిన పిల్లల నుదుళ్లు చూసినట్టు. నాకు నిజంగా జ్వరమొచ్చినా అలాగే చూసేవాడు, అందుకని ఇనుముకీ నాకూ ఏదో చుట్టరికం ఉందనుకునేదాన్ని. బ్రేకు పట్టుకుపోయి వదలకపోతే చక్రం రాసుకుని రాసుకుని మండుతుంది, మాడు వాసన వస్తుంది, అప్పుడు వేగన్ కింద ఒక పిడి ఉంటుంది, దాన్ని లాగితే లోపల బిగుసుకున్న గాలి బుస్సున బయటికి వస్తుంది, బ్రేకు వదులుతుంది, చక్రం బతుకుతుంది. వేడెక్కిందా, ముందు గాలొదిలీ, తరవాత ఆలోసించు, అనేవాడు. నేను గార్డునయ్యాక ఎన్నిసార్లు లాగానో ఆ పిడిని, మిట్టమధ్యాహ్నం కంకర మీద బండి సగం పొడుగు నడిచి వెళ్లి, వాసనని బట్టి చక్రాన్ని పట్టుకుని, కింద చెయ్యి పెట్టి లాగితే ఆ బుస్సుమనే చప్పుడు, ప్రపంచంలో దేనికైనా పరిష్కారం ఉందనిపించే చప్పుడు.

“మీ సిన్నాన్నుంటే ఈపాటికి గాలొదిలీసుండును,” అంది పిన్ని, నా తలలోకి తొంగిచూసినట్టు.

“ఆగు పిన్నీ. రాంప్రసాద్‌ని అడుగుతాను.”

రాంప్రసాద్ ఫోనెత్తాడు. వెనక ఇనుము కోసే మిషన్ రోద. టైరులో గాలి యాభై ఏడుకి పోయిందని నేను హిందీలో అరిచాను, అతనూ అరిచాడు. “బోలా థా నా దీదీ! ఠండే మే పచాస్! ఠండే మే!” ఇంకా ఏదో అన్నాడు, ఆ రోద దాన్ని మింగేసింది, ఫోను తెగింది, మళ్లీ చేస్తే ఎత్తలేదు.

“ఏటన్నాడు?”

“ముందే చెప్పాడంట, ఠండాలో యాభై అని.”

“అదే మరి. సలికాలంలో యాభై. ఇదేటి సలికాలమా? మనుషులే ఉడికిపోతన్నారు. తగ్గించీ, తగ్గించీ.”

నలభై ఏళ్లుగా ఇక్కడ బతుకుతున్న మాకు ఠండ్ అంటే డిసెంబరు, జనవరి, స్వెట్టర్లు, ప్లాట్‌ఫారం మీద చలిమంట. టైరు మీద అచ్చులో కూడా యాభై పక్కన కోల్డ్ అని ఉంది, నాకు గుర్తే, దాన్ని చదివినప్పుడు కూడా నాకు చలికాలమే తోచింది, మరి ఎండాకాలానికి వేరే అంకె ఎందుకు వెయ్యలేదో అని కూడా అనుకున్నాను. గేటు పక్కన తాటాకు పందిట్లో పంచర్లు వేసే ఆయన మా మాటలు విని నింపాదిగా వచ్చాడు, టైరుని కాలితో తట్టాడు, “గర్మీ హై దీదీ, చాలీస్ కర్ దో, నహీ తో ఫటేగా,” అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు. నలభైకి దించకపోతే పేలిపోతుందట. చనిపోయిన చిన్నాన్న, బతికున్న పిన్ని, గది కట్టినవాడు, పంచరు వేసేవాడు, అందరూ ఒకే మాట మీద ఉన్నారు. ఇంతమంది ఒకే మాట మీద ఉంటే నా మనసుకి ఎంత హాయిగా ఉంటుందో, ఇంక నాకంటూ ఒక మాట ఉండక్కర్లేదు కదా.

వాల్వు మూత తిప్పి తీశాను. మధ్యలో సన్నటి సూది. గోటితో నొక్కాను. బుస్సు. వేడి గాలి అరచేతికి తగిలింది, రబ్బరు వాసన, ఆ చప్పుడు వినగానే ఒళ్లంతా వదులైంది, భుజాలు దిగాయి, గుండె కూడా నెమ్మదించింది, అప్పుడే అనుమానం వచ్చింది నాకు. టైరు మీద కాదు, నా మీద. ఈ హాయి నాకు బాగా తెలుసు. ఎక్కడ తెలుసు? గోరు వెనక్కి తీశాను.

భన్వర్‌టోంక్ దగ్గర సొరంగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి ఒంటరిగా పూర్తి బండిని ఘాట్ ఎక్కించిన రోజు, సాయంత్రం, సాలచెట్ల మీద ఎండ ఇత్తడి రంగులో ఉంది, బండి సొరంగంలోకి దూరగానే నేను బ్రేక్‌వ్యాను కటకటాలు పట్టుకుని నా పేరు నేనే అరిచాను, నీలవేణీ అని, గొంతు చిరిగేలా, ఆ చీకటంతా నా పేరైంది, తరవాత గెంతాను కూడా, ఆ ఇనప నేల మీద బూట్లతో. సొరంగం దాటాక స్టేషను వచ్చింది. స్టేషన్ మాస్టరు అడిగాడు, అంతా సరేనా అని. ఆల్ రైట్ అన్నాను, జెండా చూపించాను, అంతే. ఇంటికొచ్చాక పిన్ని అడిగింది, ఎలా జరిగిందే అని. పర్లేదు అన్నాను. ఎందుకు పర్లేదు అన్నాను? మనుషుల దగ్గరికి వచ్చే ముందు నేనే నా లోపలి పిడి లాగేసుకుంటాను. ఎవరో వచ్చి నా గాలి తీసే అవకాశం వాళ్లకివ్వను, ముందే నేనే తీసేసుకుంటాను, చప్పబడి, చల్లబడి, అందరికీ సరిపోయే ఎత్తుకి దిగి, అప్పుడు తలుపు తడతాను. సంతోషం పైకి ఎక్కుతుంటే అది నాకు సంతోషంలా కనబడదు, ఎక్కడో బ్రేకు పట్టేసినట్టు, ఏదో కాలిపోబోతున్నట్టు కనబడుతుంది. డిపోలో వాళ్లు నా గదిని చూసి నవ్వినప్పుడు అందరికంటే ముందు నవ్వింది నేనే కదా.

బండి వస్తోంది. ముందు నేల చెప్పింది, తరవాత హారను. బొగ్గు బండి, రెండు ఇంజన్లు, ఒకటి తరవాత ఒకటి వేగన్లు, నేను లెక్కపెట్టను, లెక్కపెట్టడం డ్యూటీ, ఇవాళ సెలవు. బొగ్గు దుమ్ము, వేడిగాలి, గేటు పక్కన గడ్డి వణికింది. ఇంత పొడుగు బండికి ఇంజన్ నుంచి చివరిదాకా ఒకటే గాలి గొట్టం, ఇంజన్లో ఐదు కిలోల ఒత్తిడి, చివర గార్డు దగ్గర దానికి రవ్వంత తక్కువ, అది పడిపోతే బండి ఆగిపోతుంది. ఆగిపోతుంది. అక్కడ బ్రేకు సిలిండర్లో చేరిన గాలి చక్రాన్ని పట్టుకుంటుంది, అందుకే వదిలెయ్యాలి. ఇక్కడ? ఇక్కడ గాలి చక్రాన్ని పట్టుకోవడం లేదు, గదిని మోస్తోంది. మంచాన్నీ డ్రమ్ముడు నీళ్లనీ పిన్ని తెచ్చిన మూడు రకాల పచ్చళ్లనీ మోస్తున్నది ఇనుమూ రబ్బరూ కాదు, గాలి. దాన్ని తీస్తే టైరు అడుక్కి నలుగుతుంది, తిరిగిన ప్రతిసారీ పక్కలు మడతపడి లేస్తాయి, తీగని ఇటూ అటూ వంచి వంచి విరిచేటప్పుడు వేళ్లకి కాలుతుందే, అలా వేడెక్కుతుంది, ఇప్పటికంటే ఎక్కువ వేడెక్కుతుంది, అదీ ఎక్కడ, కేందా ఘాట్ మెలికల్లో. చిన్నాన్న మాట పట్టాల మీద నిజం. రోడ్డు మీద? చిన్నాన్నా, రోడ్డు మీద నువ్వు సైకిలు తప్ప ఏం నడిపావు?

చివరి బ్రేక్‌వ్యాను వచ్చింది. గార్డు కటకటాల వెనక నిలబడి పచ్చజెండా చూపిస్తున్నాడు, కొత్త కుర్రాడు, నన్ను గుర్తుపట్టలేదు, అతని మొహం గేటు దగ్గర జనానికి ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. నేనూ జనానికి ఇలాగే కనబడి ఉంటాను ఇన్నేళ్లూ. లోపల అతను ఏం అరుస్తున్నాడో ఎవరికి తెలుసు.

గేటు లేవలేదు. ఇంకో లైనులో ఇంకో బండి ఉందట. జనం మూలిగారు. అప్పుడు ఆటోల మధ్యనుంచి ఒకాయన థర్మాకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని, సీసాల మూతల మీద ఓపెనరు టకటకలాడిస్తూ, “ఠండా! ఠండా! ఠండా లే లో!” అని అరుచుకుంటూ వచ్చాడు.

“ఆ ఠండా ఒకటి కొనవే, గొంతెండిపోతంది,” అంది పిన్ని.

కొన్నాను. చెమటలు పట్టిన సీసా నా చేతిలోంచి పిన్ని చేతిలోకి వెళ్లింది. ఠండా. మే నెలలో, పట్టపగలు, తారు కరుగుతున్న రోడ్డు మీద, ఠండా. డిసెంబరు కాదు, సీసా. కాలం చల్లన కాదు, వస్తువు చల్లన. ఠండే మే పచాస్. అయ్యో రాంప్రసాద్, టైరు ఠండాగా ఉన్నప్పుడా! కాలం ఠండాగా ఉన్నప్పుడు కాదు! కదలకముందు, ఎండ పడకముందు, దాని ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు యాభై. అంటే పొద్దున్న. అంటే పొద్దున్న నేను చూసిందే. కోల్డ్ అన్నా అదే. చల్లగా ఉన్నప్పుడు యాభై పెట్టండి, పరిగెత్తితే పైకెక్కుతుంది, ఎక్కనివ్వండి, అది ఎక్కుతుందని తెలిసే దాన్ని తయారు చేశాం అని, ఆ ఒక్క మాటలో చెప్పారు వాళ్లు. ఎండాకాలానికి వేరే అంకె ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది, అక్కర్లేదు గనక లేదు. నాకు ఉన్నట్టుండి పెద్దగా నవ్వొచ్చింది, పెట్టె ఆయన తనని చూసి నవ్వుతున్నాననుకుని తానూ నవ్వాడు.

అయినా చూడాలి. మాట అర్థమైనంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు. గది వెనకనుంచి చుట్టూ తిరిగి రెండో పక్కకి వెళ్లాను. వేళ్లు తిప్పి ముట్టుకున్నాను. వేడి, అంతే వేడి, నీడ పక్క కాబట్టి పిసరు తక్కువ. మీటరు పెట్టాను, యాభై ఆరు. ఇరుసు దగ్గర ముట్టుకున్నాను, చెయ్యి పెట్టి ఉంచగలిగేంతే. మళ్లీ ఇటు వచ్చి ఈ ఇరుసు, ఇదీ అంతే, నేను వదిలిన రవ్వంత గాలి పోను మీటరు ఇక్కడా యాభై ఆరే. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నాన్న ఒక్క పెట్టెని ముట్టుకుని ఎప్పుడూ ఏ మాటా అనేవాడు కాదు. అన్నిటినీ ముట్టుకుంటూ పోయేవాడు. అన్నీ వెచ్చగా ఉంటే ఏమీ అనకుండా నడిచేవాడు, బండి పరిగెత్తి వచ్చింది మరి. ఒక్కటే మిగతావాటిలా లేకపోతే అక్కడ ఆగేవాడు. నేను చిన్నదాన్ని, ఆయన ఆగిన చోటే నాకు గుర్తుండిపోయింది, బుస్సుమన్న చోటు. ఆగకుండా నడిచిపోయినదంతా మరిచిపోయాను.

రెండో బండి వెళ్లింది, ఖాళీ వేగన్లు, తేలిగ్గా, గలగలమంటూ. గేటు గంట మోగింది, కర్ర లేవడం మొదలైంది, వెనక అన్ని హారన్లూ ఒకేసారి.

“తీసీసావా గాలి?” అరిచింది పిన్ని, ఖాళీ సీసా ఊపుతూ.

పర్లేదు పిన్నీ అని నోటి దాకా వచ్చింది. ఆల్ రైట్ అని కూడా వచ్చింది. రెండిటినీ ఆపాను.

“తియ్యలేదు!” అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే మోటారుసైకిలు వాడు వెనక్కి తిరిగాడు.

“తియ్యలేదేటి! పేలిపోదూ?”

“పేలదు. తీస్తేనే పేలుతుంది. ఘాట్ ఎక్కేముందు ఆగి మళ్లీ రెండూ ముట్టుకుని చూస్తాను, ఒకటి ఎక్కువ కాలితే నేనే బండి వెనక్కి తిప్పుతాను, సరేనా? పిన్నీ, నాకు భలే సంతోషంగా ఉంది.”

పిన్ని ఖాళీ సీసాని కాళ్ల దగ్గర పెట్టుకుంది. హారన్లు మా ఇద్దరి మధ్యనుంచి పోతున్నాయి.

“సంతోషంగా ఉంటే రోడ్డు మీద కూకుంతారేటే? వచ్చి ఎక్కు,” అని తల లోపలికి తీసుకుంది. వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

నేను వంగి, వాల్వు మీద మూత పెట్టి, రెండు వేళ్లతో బిగించాను.